ఇంకా పోని ఉద్యోగం: ఒక కేస్ స్టడీ

ముందుగా ఒక మాట. మనిషిని గుర్తుపట్టగలిగే వివరాలన్నీ ఇందులో మార్చేశాను. వయసు, పని, కొన్ని సంఘటనల వరస కూడా మారాయి. ఆ దంపతులిద్దరూ చదివి సరేనన్నాకే దీన్ని బయటపెడుతున్నాను.

మానసిక చికిత్స చేసే నా దగ్గరికి ఆయన వచ్చింది ఉద్యోగం గురించి కాదు, గుండె గురించి. వయసు 43. విడిభాగాలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నారు, ఆరేళ్లుగా మెయింటెనెన్స్ సూపర్‌వైజర్. నెల రోజుల్లో రెండుసార్లు అర్ధరాత్రి ఛాతీ పట్టేసి, ఒళ్లంతా చెమటలు పోసి ఎమర్జెన్సీకి వెళ్లారు. ఈసీజీ బాగుంది. రక్తపరీక్షలు బాగున్నాయి. థైరాయిడ్ కూడా చూశారు, అదీ బాగుంది. రెండోసారి డ్యూటీ డాక్టరు నా పేరు రాసిచ్చి పంపారు. కుర్చీలో కూర్చుంటూనే ఆయన అన్న మొదటి మాట: "నాకేం లేదట మేడమ్. ఏం లేకపోతే ఇలా ఎందుకవుతోంది?"

నిద్ర, ఆకలి, ఒంట్లో నలత అంటూ అడుగుతూ పోతే అరగంట తర్వాత అసలు సంగతి బయటపడింది. అదీ ఏదో పక్క విషయం చెబుతున్నట్టు చెప్పారు. ఎనిమిది నెలల కిందట కంపెనీ నుంచి అందరికీ ఒక మెయిల్ వచ్చింది. సంస్థను పునర్వ్యవస్థీకరిస్తున్నాం, వివరాలు తర్వాత తెలియజేస్తాం అని నాలుగు వాక్యాలు. తర్వాత అంటే ఎప్పుడో అందులో లేదు. అప్పటినుంచి ఒక ఉత్పత్తి లైన్ మూసేస్తారట, కాదు మూడు షిఫ్టుల్ని రెండు చేస్తారట, కాదు మెయింటెనెన్స్ మొత్తం బయటివాళ్లకి అప్పజెప్తారట. 'అట'ల మీదే రోజులు నడుస్తున్నాయి.

"ఇంట్లో తెలుసా?" అన్నాను.

"ఎందుకండీ చెప్పడం? ఇంకా పోలేదుగా."

ఆ 'ఇంకా పోలేదుగా' చుట్టూనే ఈ కేసంతా తిరిగింది.

మొదటిరోజు కొలతలు

ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 21కి 16 వచ్చింది. 15, ఆపైన వస్తే తీవ్రం కింద లెక్క. డిప్రెషన్‌కి వాడే పీహెచ్‌క్యూ-9లో 27కి 12, అంటే మధ్యస్థం. నిద్రలేమి తీవ్రత సూచికలో 28కి 19. పదకొండింటికి పడుకుంటే ఒంటిగంటకి కన్ను మూతపడుతుంది, మూడున్నరకి మెలకువ వచ్చేస్తుంది. లేవగానే ఫోన్ తీసి ముందు ఆఫీసు మెయిల్, తర్వాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూప్ చూస్తారు. ఏడాదికి రెండు మూడుసార్లు మందు తాగే మనిషి, ఇప్పుడు వారానికి మూడు నాలుగు రాత్రులు నిద్రకోసమని తాగుతున్నారు. మందు నిద్ర పట్టిస్తుంది కానీ తెల్లవారుజామున అదే లేపేస్తుంది. ఆ మూడున్నర మెలకువలో దాని వాటా కూడా ఉంది.

ఏడు నెలలుగా ఒక్క సెలవు పెట్టలేదు. ఒళ్లు కాలిపోతున్న జ్వరంతో కూడా షిఫ్టుకి వెళ్లారు. ఎందుకని అడిగితే చెప్పిన జవాబు నా నోట్‌బుక్‌లో అచ్చం అలాగే ఉంది: "సెలవు పెడితే నేను లేకపోయినా పని నడుస్తుందని వాళ్లకి తెలిసిపోతుంది కదా."

రెజ్యూమె మాత్రం ముట్టుకోలేదు. 14 ఏళ్ల కిందటిదే ఎక్కడో ఉంది. దాన్ని తిరగరాస్తే ఉద్యోగం పోతుందని ఒప్పుకున్నట్టేనని ఆయన లోపలి భయం. రాత్రంతా ఉద్యోగం పోవడం గురించే ఆలోచించే మనిషి, పోతే ఏం చేయాలన్నది పగటిపూట ఒక్క నిమిషం కూడా ఆలోచించడం లేదు. ఈ రకం కేసుల్లో ఇది చాలాసార్లు చూశాను. చింత ఎంత పెరిగితే ఆలోచన అంత తగ్గిపోతుంది.

తొమ్మిదో ప్రశ్న

పీహెచ్‌క్యూ-9లో చివరి ప్రశ్న చచ్చిపోతే బాగుండుననో, తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించిందా అని అడుగుతుంది. ఆయన 'కొన్ని రోజులు' అన్నచోట టిక్ పెట్టారు. ఇక్కడ ఆగి నేరుగా, ఆ మాటలతోనే అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చినవాళ్లు జంకుతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదని పరిశోధనలు తేల్చాయి. అడిగాను.

ఆయన తల వంచుకుని, "చచ్చిపోవాలని కాదు. ఇన్సూరెన్స్ కాగితాలు తీసి చూశాను. నేను లేకపోతే ఇంటి లోన్ తీరిపోతుంది. లెక్క వేశానంతే" అన్నారు.

ఎలా, ఎప్పుడు అన్న ఆలోచన లేదు. ఏర్పాట్లేవీ లేవు. అయినా తన విలువను లోన్ బాకీతో పోల్చి చూసుకుంటున్న మనిషిని 'లెక్కంతే కదా' అని వదలలేం. ఆరోజే కూర్చుని భద్రతా ప్రణాళిక రాశాం. ఏ సూచనలు కనిపిస్తే జాగ్రత్తపడాలి, ఒంటరిగా ఉన్నప్పుడు ఏం చేయాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఎమర్జెన్సీకి ఎప్పుడు రావాలి. ఫోన్ నంబర్ల దగ్గర చిక్కు వచ్చింది. మొదటి నంబరు భార్యది అవ్వాలి. ఆవిడకి అసలు సంగతే తెలియదు. ఇరవై నిమిషాలు ఒప్పుకోలేదు. "ఆవిడ తట్టుకోలేదు" అన్నారు. చివరికి, "మీ ఎదురుగా అయితే చెప్తాను" అన్నారు. మర్నాడే ఇద్దరినీ రమ్మన్నాను.

భార్యకు 39 ఏళ్లు. ఇంటినుంచే రెండు చిన్న సంస్థలకు అకౌంట్స్ చూస్తారు. ఆయన తడబడుతూ మెయిల్ సంగతి, లైన్ సంగతి, చివరికి ఇన్సూరెన్స్ కాగితాల సంగతి చెబుతుంటే ఆవిడ కదలకుండా విన్నారు. విన్నాక ఏడ్చారు. కానీ ఆ ఏడుపులో నాకు మొదట అర్థంకానిదేదో ఉంది. అది ఊరట. "అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నారు. నేను వెళ్తే స్క్రీన్ తిప్పేస్తున్నారు. మాటల్లేవు, దగ్గరికి రావడం లేదు. ఇంకెవరో ఉన్నారనుకున్నాను. నాలుగు నెలలుగా అదే అనుకుంటున్నాను."

ఆవిణ్ని కాపాడుతున్నానని ఆయన మౌనంగా ఉన్నారు. గొడవైతే ఇల్లు చెదిరిపోతుందని ఆవిడ మౌనంగా ఉన్నారు. ఉద్యోగం పోకముందే ఆ ఇల్లు సగం పోయింది.

నేను చేసిన తప్పు

రెండో సెషన్ నుంచి నాలుగోదాకా నేను నాకు బాగా అలవాటైన పనిముట్టే వాడాను. ఆందోళనలో ఉన్నవాళ్లు ప్రమాదాన్ని ఉన్నదానికంటే పెద్దగా అంచనా వేస్తారు, ఆ అంచనాని ఆధారాలతో సరిచూసుకోవడం నేర్పాలి. మామూలుగా మంచి పద్ధతే. "పోతుందన్న ఆలోచనకి అనుకూలంగా ఏ ఆధారాలున్నాయి, వ్యతిరేకంగా ఏవి ఉన్నాయి?" అని కాగితం మీద గీత గీసి ఇచ్చాను.

ఆయన బుద్ధిమంతుడైన విద్యార్థిలా నింపుకుని వచ్చారు. అనుకూలం వైపు పేజీ నిండింది. "మేడమ్, పోయినవారం ఫ్యాక్టరీలో రెండో బే అనే భాగానికి కరెంటు తీసేశారు. స్పేర్ పార్టుల ఆర్డర్లు ఆపేశారు. ఇది నా ఊహా?" అన్నారు. కోపంగా అనలేదు. నా మీద కొంచెం జాలితో అన్నట్టు అనిపించింది.

ఆ భయం నిజమైనది. నిజమైన భయాన్ని ఆలోచనా దోషంగా చూపిస్తే మనిషి ఇంకా ఒంటరి అవుతాడు. ఆ మూడు వారాల్లో జీఏడీ-7 అంకె 16 నుంచి 15కి తగ్గింది, అంతే. ఆ ఒక్క అంకె తగ్గడానికి కారణం నేను కాదనీ, ఇంట్లో చెప్పేయడమేననీ నా అనుమానం.

2016లో లండన్ యూనివర్సిటీ కాలేజ్ పరిశోధకులు 45 మందితో చేసిన ప్రయోగం అప్పుడు గుర్తొచ్చింది. కంప్యూటర్ ఆటలో రాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి, పాము ఉంటే చేతికి చిన్న షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే, రావచ్చు రాకపోవచ్చు అని సరిగ్గా సగానికి సగం అవకాశం ఉన్నప్పుడే వాళ్లలో ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. ఉద్యోగ అభద్రత మీద 1984లో గ్రీన్‌హాల్, రోజెన్‌బ్లాట్ అనే పరిశోధకులు రాసిన వ్యాసం కూడా దాన్ని ఉద్యోగం పోవడంగా చూడలేదు. ప్రమాదంలో పడ్డ పనిని నిలబెట్టుకోవాలని ఉండి, అందుకు ఏమీ చేయలేకపోతున్నానన్న భావనగా చూసింది. ఆ నిస్సహాయతనే నేను పట్టించుకోలేదు. అవకాశం ఎంత శాతం అని వాదిస్తూ కూర్చున్నాను.

ఇంకో పోలిక కూడా సాయపడింది. 1930ల మొదట్లో ఆస్ట్రియాలోని మారియెంటాల్ అనే ఊళ్లో మిల్లు మూతపడ్డాక సామాజిక మనస్తత్వవేత్త మారీ జహోడా బృందం అక్కడి జీవితాన్ని దగ్గరుండి చూసింది. చేతినిండా సమయం దొరికిన మగవాళ్లు వీధిలో మెల్లగా నడిచేవాళ్లు, మాటిమాటికీ ఆగిపోయేవాళ్లు. లైబ్రరీ నుంచి పుస్తకాలు తీసుకోవడం కూడా తగ్గిపోయింది. పని పోతే రోజుకున్న ఆకారమే పోతుంది. నా ముందున్న మనిషికి రోజు నిండుగానే ఉంది, ఇంకా చెప్పాలంటే పొర్లిపోతోంది. ఆయనకి లేకుండా పోయింది వచ్చే నెల అనేదే. పాప స్కూలు ఫీజు నుంచి పంటి వైద్యం దాకా ప్రతిదానికీ ఆయన జవాబు ఒక్కటే: "చూద్దాం."

దారి మార్చాక

ఐదో సెషన్‌లో గీతలు గీసిన కాగితం పక్కన పెట్టేసి, "పోతుందనే అనుకుందాం. మొదటి సోమవారం పొద్దున ఏం చేస్తారు?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టారు. ఆ వారంలోనే భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఇంటి లెక్క వేశారు. ఉన్న డబ్బుతో, ఆవిడ సంపాదనతో, ఖర్చు తగ్గించుకుంటే ఎన్నాళ్లు గడుస్తుంది? నాలుగున్నర నెలలు. ఆయన మనసులో ఆ అంకె 'రెండు వారాలు' అని ఉంది, ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు. అకౌంట్స్ చూసే భార్య ఇంట్లోనే ఉండగా ఎనిమిది నెలలపాటు ఆ లెక్క ఆయన ఒక్కరే చీకట్లో వేసుకున్నారు.

చింతించడానికి ఒక వేళ పెట్టాం. రోజూ సాయంత్రం ఆరున్నరకి ఇరవై నిమిషాలు, కాగితం మీద. మిగతా వేళల్లో చింత వస్తే "ఆరున్నరకి చూద్దాం" అని రాసి పక్కన పెట్టాలి. 1980ల నుంచి వాడుతున్న పద్ధతే ఇది. వినడానికి పిల్లాటలా ఉంటుంది, ఆయన నవ్వారు కూడా. రెండో వారానికి, "ఆరున్నరకి కూర్చుంటే రాయడానికి పెద్దగా ఏం ఉండట్లేదు" అన్నారు. వాట్సాప్ గ్రూప్ రోజుకు రెండుసార్లే, ఫోన్ రాత్రి హాల్లోనే. గ్రూపులోంచి పూర్తిగా బయటికి రమ్మని నేను చెప్పలేదు. అక్కడ పుకార్లే కాదు, తనలాంటివాళ్లు కూడా ఉన్నారు.

నిద్ర విషయంలో కాస్త వెనకాడాను. నిద్రలేమికి చేసే చికిత్సలో మంచం మీద గడిపే సమయాన్ని మొదట కుదించాలి, దానివల్ల కొన్నాళ్లు పగలు మత్తుగా ఉంటుంది. ఈయన పని మిషన్ల మధ్య. అందుకే ఒక్కసారిగా తగ్గించకుండా పన్నెండు నుంచి ఆరు దాకా మంచం అని మెల్లగా మొదలుపెట్టాం. పొద్దున ఆరుకి సెలవురోజైనా లేవాల్సిందే. రాత్రి మందు ఆపేశారు. తాగింది అలవాటు ముదరని మోతాదే కాబట్టి, తన డాక్టరుతో మాట్లాడి ఇంట్లోనే ఆపగలిగారు.

రెజ్యూమె ఏడో సెషన్‌కి పూర్తయింది. టైప్ చేసింది భార్య. ఆయన చేసిన పనులన్నీ వింటూ, "ఇవన్నీ మీరు చేశారా?" అని ఆవిడ అడిగారట. ఆ మాట నాతో రెండుసార్లు చెప్పారు.

పాప

పాపకి 12 ఏళ్లు. పిల్లకేమీ తెలియదని ఇద్దరూ గట్టిగా చెప్పారు. తల్లిదండ్రులు ఈ మాట అన్నప్పుడల్లా నేను నమ్మడం మానేసి చాలా కాలమైంది. కెనడాలో జూలియన్ బార్లింగ్ బృందం 1990ల చివర్లో కాలేజీ విద్యార్థులతో చేసిన అధ్యయనాల్లో, తల్లిదండ్రుల ఉద్యోగ అభద్రత పిల్లల కంటపడుతుందనీ, పని మీద వాళ్లకుండే నమ్మకాన్ని అది మార్చేస్తుందనీ తేలింది.

ఆరో సెషన్ తర్వాత తల్లి ఆ పిల్ల స్కూల్ బ్యాగు సర్దుతుంటే అడుగున మడత పెట్టిన కాగితం దొరికింది. స్కూల్ ట్రిప్ సంతకాల పత్రం, గడువు దాటి రెండు నెలలైంది. ట్రిప్ గురించి అడిగినప్పుడు పాప, "నాకు ఇంట్రెస్ట్ లేదమ్మా" అని చెప్పి ఊరుకుంది. బూట్లు బిగుతైనా చెప్పలేదు. నాన్న ఫోన్‌లో ఎవరితోనో "మనల్ని తీసేస్తే" అనడం తలుపు పక్క నుంచి వినేసింది. అది మెయిల్ వచ్చిన రెండో వారంలోనే. అంటే ఆ ఇంట్లో సంగతి ముందు తెలిసింది పిల్లకి.

పిల్లతో ఏం చెప్పాలన్నది ముగ్గురం కలిసి రాసుకున్నాం. అబద్ధం ఉండకూడదు, భారం వేయకూడదు. చివరికి తండ్రి చెప్పింది ఇది: "నా పని ఉంటుందో లేదో ఇంకా తెలియదు. పోతే నేను వేరే పని వెతుక్కుంటాను. ఇల్లు గడవడానికి అమ్మా నేనూ లెక్క వేశాం, అది మా పని. నీకేం కావాలన్నా అడుగు. కుదరకపోతే కుదరదని చెప్తాం." పాప వెంటనే అడిగింది, "ఇల్లు మారాలా?" ఇప్పుడు కాదని చెప్పాక, "మరి బూట్లు?" అంది. ఆయన ఈ సంగతి చెబుతూ నవ్వారు. నా గదిలో ఆయన నవ్వు సరిగ్గా విన్నది ఆరోజే.

మూడు పేర్లు

ఎనిమిదో సెషన్‌కి జీఏడీ-7 అంకె 9కి దిగింది. ఇక సెషన్లు తగ్గిద్దామని అనుకుంటుండగా కంపెనీ ఆయన్ని పిలిచి, మీ కింద ఉన్న 18 మందిలో మూడు పేర్లు ఇవ్వండి అంది. శుక్రవారంలోగా. బయటికి చెప్పకూడదు.

అప్పటిదాకా భయపడే మనిషికి ఇప్పుడు భయపెట్టే పని కూడా అంటగట్టారు. ఛాతీ నొప్పి మళ్లీ వచ్చింది, అంకె 14కి ఎక్కింది. నేను పేర్లు ఇవ్వమనీ అనలేదు, ఇవ్వొద్దనీ అనలేదు. ఆ నిర్ణయం నాది కాదు. నేను చేయగలిగింది ఆ శుక్రవారం దాకా రోజూ పది నిమిషాలు ఫోన్‌లో ఉండటం, భద్రతా ప్రణాళికను మళ్లీ తీసి చదివించడం. ఆయన పేర్లు ఇవ్వలేదు, పని నైపుణ్యాల పట్టిక ఇచ్చారు. ముగ్గుర్నీ వాళ్లే ఎంచుకుని తీసేశారు. తీసేసినవాళ్లలో ఒకాయన ఈయనకి పని నేర్పిన పెద్దాయన.

లేఆఫ్‌ల తర్వాత ఉద్యోగంలో మిగిలినవాళ్ల గురించి పరిశోధకుడు జోయెల్ బ్రాక్నర్ 1980ల నుంచే రాస్తూ వచ్చారు. మిగలడం ఊరట ఒక్కటే కాదు, అపరాధ భావన కూడా. "నేనుండటానికి ఆయన వెళ్లారు" అన్న వాక్యాన్ని విప్పడానికి మూడు సెషన్లు పట్టాయి. అందులో నా మాటల కంటే ఎక్కువ పనిచేసింది, ఆయన ఒక ఆదివారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్లి కూర్చుని రావడం. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

ఇక్కడ నా వృత్తికున్న హద్దు కూడా చెప్పాలి. ఆందోళన, డిప్రెషన్ వల్ల ప్రపంచం ఏటా దాదాపు 1,200 కోట్ల పనిదినాలు కోల్పోతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో), అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌వో) 2022లో చెప్పాయి. డబ్ల్యూహెచ్‌వో అదే ఏడాది ఇచ్చిన మార్గదర్శకాలు ఉద్యోగికి కౌన్సెలింగ్ ఇస్తే సరిపోతుందనలేదు, పని పరిస్థితుల్ని మార్చడం గురించి కూడా మాట్లాడాయి. ఆ నాలుగు వాక్యాల మెయిల్లో ఒక్క తేదీ ఉండి ఉంటే నా దగ్గర ఎన్ని సెషన్లు తగ్గేవో. కంపెనీ వైద్య విభాగానికి లేఖ రాస్తానన్నాను. ఆయన వద్దన్నారు. "మనసు బాలేదని తెలిస్తే నాలుగో పేరు నాదే అవుతుంది."

మూడు నెలల తర్వాత

మొత్తం 13 సెషన్లు, ఆరు నెలలు. ఆఖరి సెషన్ అయిన మూడు నెలలకి ఇద్దరూ ఫాలోఅప్‌కి వచ్చారు. జీఏడీ-7లో 7, పీహెచ్‌క్యూ-9లో 5, తొమ్మిదో ప్రశ్నకి సున్నా. నిద్ర సూచిక 11. పూర్తిగా బాగుపడలేదు, నైట్ షిఫ్ట్ వారాల్లో ఇంకా ఇబ్బందే. మెయింటెనెన్స్‌ను నిజంగానే బయటి సంస్థకి ఇచ్చేశారు. ఆయన్ని ఆ సంస్థ ఏడాది కాంట్రాక్ట్ మీద తీసుకుంది, జీతం కొంచెం తక్కువ. ఏడాది తర్వాత ఏమిటన్నది మళ్లీ తెలియదు. "కానీ ఈసారి తేదీ ఉంది మేడమ్" అన్నారు. రెండుచోట్ల రెజ్యూమె ఇచ్చి ఉంచారు.

లేవబోతుండగా అలవాటుగా భార్య వైపు తిరిగి, "మీరెలా ఉన్నారు?" అన్నాను.

ఆవిడ నవ్వారు. "ఈ మాట ఇప్పుడే అడిగారు మీరు."

ఫైలు తిరగేశాను. ఆయన అంకెలు 14 చోట్ల ఉన్నాయి. ఆవిడవి ఒక్కచోట కూడా లేవు. ఆవిణ్ని నేను మొదటినుంచీ సాయం చేసే మనిషిగా, ఫోన్ నంబరుగా, లెక్కలు వేసే చేతిగా చూశాను. ఆ తొమ్మిది నెలలూ రాత్రిళ్లు ఆయన ఊపిరి వింటూ మెలకువగా పడుకున్నారట. ఇన్సూరెన్స్ కాగితాలు ఉన్న బీరువా తాళం ఇప్పటికీ ఆవిడ దిండు కిందే ఉంటుంది. అదనంగా మూడో సంస్థ అకౌంట్స్ కూడా ఒప్పుకున్నారు, అర్ధరాత్రి దాకా అదే పని. పీహెచ్‌క్యూ-9 పత్రం ఇచ్చాను. 13 వచ్చింది, మొదటిరోజు ఆయనకి వచ్చినదానికంటే ఒకటి ఎక్కువ. తొమ్మిదో ప్రశ్నకి సున్నా పెట్టారు. ఆ సున్నా గురించి కూడా విడిగా అడిగి నిర్ధారించుకున్నాను.

భర్తకు చికిత్స చేసిన నేనే ఆవిడకీ చేయడం సరికాదు కాబట్టి సహోద్యోగి ఒకరికి లేఖ రాశాను. మంగళవారం పదిన్నరకి అపాయింట్‌మెంట్ దొరికింది. ఆరోజు సెలవు పెట్టి తోడు వెళ్తానని ఆయన అన్నారు.